అక్వేరియం ఫిల్టర్ కడిగిన రెండు రోజులకే చేపలు చనిపోతున్నాయా? లోపల ఇలా పేర్చండి, ఇలా కడగండి

"నీళ్లు తేటగానే ఉన్నాయి, ఫిల్టర్ కూడా మొన్ననే శుభ్రంగా కడిగాను, అయినా చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, ఏం చేయాలి?" అని అడిగేవాళ్లు రోజురోజుకీ ఎక్కువవుతున్నారు. మాటలు అటూ ఇటూ మారినా విషయం ఒకటే కాబట్టి జవాబు మొత్తం ఒకచోట రాస్తున్నాను. అసలు చాలామంది విషయంలో జవాబు ఆ ప్రశ్నలోనే ఉంటుంది: "మొన్ననే శుభ్రంగా కడిగాను".

ఫిల్టర్ డబ్బా ఒకటే, లోపల జరిగే పనులు మాత్రం రెండు. చేపల మలం, మిగిలిన మేత, కుళ్లిన ఆకుల ముక్కలు పట్టి ఆపడం మెకానికల్ ఫిల్ట్రేషన్. చేపలు వదిలే అమోనియాను బ్యాక్టీరియా మార్చేయడం బయోలాజికల్ ఫిల్ట్రేషన్. మొదటిదాన్ని తరచూ కడగాలి, రెండోదాన్ని వీలైనంతవరకూ కదపకూడదు. రెండూ ఒకే డబ్బాలో ఉండటంతో మనం రెండింటినీ ఒకేలా చూస్తాం, గొడవంతా అక్కడే మొదలవుతుంది.

థియరీ ఇంతకు మించి అక్కర్లేదు: చేపలు ఎక్కువగా మొప్పల ద్వారానే అమోనియా వదులుతాయి, కుళ్లే మేత నుంచి ఇంకొంత వస్తుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. అమోనియా, నైట్రైట్ కొంచెం ఉన్నా చేపలకు విషమే. నైట్రేట్‌ను చాలావరకు తట్టుకుంటాయి, అది నీళ్లు మార్చినప్పుడు పోతుంది, మొక్కలుంటే అవీ కొంత వాడుకుంటాయి. ఈ బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండేది చాలా తక్కువ, స్పాంజ్ మీద, రింగుల మీద, రాళ్ల మీద అతుక్కుని ఉంటుంది. దానికి ఆక్సిజన్ ఎప్పుడూ అందుతూ ఉండాలి, పైగా చాలా నిదానంగా పెరుగుతుంది. ఒకసారి పోగొట్టుకుంటే మళ్లీ వారాలు పడుతుంది.

ఏమేం కావాలి

- మీ దగ్గరున్న ఫిల్టర్ ఏదైనా సరే: స్పాంజ్ ఫిల్టర్, ఇంటర్నల్ (నీళ్లలో ముంచేది), హ్యాంగ్ ఆన్ (ట్యాంక్ అంచుకు వేలాడేది), టాప్ ఫిల్టర్ (ట్యాంక్ పైన పెట్టేది), క్యానిస్టర్ (ట్యాంక్ బయట ఉంచే మూసిన డబ్బా)
- పెద్ద రంధ్రాల కోర్స్ స్పాంజ్, దానికంటే సన్న రంధ్రాల స్పాంజ్ ఒకటి
- తెల్ల ఫిల్టర్ ఫ్లాస్, అంటే దూదిలా ఉండేది (వాసన గానీ మందు గానీ కలపనిది)
- సెరామిక్ రింగులు లేదా అలాంటి బయో మీడియా (బ్యాక్టీరియా అతుక్కోవడానికి వేసేది), వేయడానికి ఒక మెష్ సంచి
- క్లోరిన్ తీసేసే డీక్లోరినేటర్
- అమోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం) చూసే లిక్విడ్ టెస్ట్ కిట్
- చేపల ట్యాంక్‌కే కేటాయించిన, సబ్బు తగలని బకెట్
- కొలత గీతలున్న జగ్గు

వీటిలో టెస్ట్ కిట్ కొనడానికే అందరూ వెనకాడతారు. నన్నడిగితే రింగుల ప్యాకెట్ ఒకటి తగ్గించుకుని అయినా కిట్ తెచ్చుకోమంటాను, ఎందుకంటే అమోనియాకూ నైట్రైట్‌కూ రంగు ఉండదు, తేట నీళ్లను చూసి బాగున్నాయని అనుకోవడం తప్ప కిట్ లేకుండా మీరు తెలుసుకోగలిగేది ఏమీ లేదు.

1. ట్యాంక్ ఎన్ని లీటర్లో లెక్కేయండి

పొడవు, వెడల్పు, నీటి ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి గుణించి 1000తో భాగించండి. 60 × 30 × 30 అయితే 54 లీటర్లు. రాళ్లు, ఇసుక ఆక్రమించే చోటు తీసేస్తే ఇంకాస్త తక్కువ.

మామూలు ట్యాంక్‌కు గంటకు దాని పరిమాణానికి 4 నుంచి 6 రెట్ల నీళ్లు ఫిల్టర్ గుండా తిరిగితే బాగుంటుంది. ఫిల్టర్ డబ్బా మీద రాసే అంకె లోపల ఏమీ లేకుండా ఖాళీగా నడిపినప్పటిది, స్పాంజ్, రింగులు పెట్టాక అసలు ఫ్లో బాగా తగ్గిపోతుంది, కాబట్టి కొనేటప్పుడు కాస్త పెద్దదే తీసుకోండి. గోల్డ్‌ఫిష్ లాంటివి ఎక్కువ తిని ఎక్కువ మలం వేస్తాయి, వాటికి ఇంకా ఎక్కువ కావాలి. బెట్టాలాంటి చేపలు గట్టి ప్రవాహంలో అలసిపోతాయి. వాటికోసం ఫిల్టర్‌ను చిన్నది చేయకండి, బయటికొచ్చే నీళ్లను గోడకు తగిలేలా తిప్పండి, లేదా ఔట్‌లెట్‌కు స్పాంజ్ ముక్క తొడగండి.

2. నీళ్లు ఏ దారిలో వెళ్తున్నాయో చూడండి

ఇది చూడకుండానే మీడియా (స్పాంజ్, ఫ్లాస్, రింగులు) పేర్చేవాళ్లు చాలామంది. టాప్ ఫిల్టర్‌లో నీళ్లు పైనుంచి కిందికి దిగుతాయి. చాలా క్యానిస్టర్‌లలో నీళ్లు ముందు అడుగుకు వెళ్లి, కిందినుంచి పైకి ఎక్కుతాయి. అంటే టాప్ ఫిల్టర్‌లో పైన పెట్టాల్సినది క్యానిస్టర్‌లో కింద పెట్టాలి. మీ ఫిల్టర్ ఏ రకమో అనుమానంగా ఉంటే నీళ్లు పీల్చే చోటు నుంచి వాటి దారి వెంటే చూసుకుంటూ రండి, నీళ్లు మొదట ఎక్కడ తగులుతాయో తెలిసిపోతుంది.

చేతులు నీళ్లలో పెట్టేముందు ప్రతిసారీ ప్లగ్ తీసేయండి. వైరు ప్లగ్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కేలా ఉంచితే, వైరు వెంట జారిన నీళ్లు సాకెట్‌లోకి పోకుండా కిందే రాలిపోతాయి.

3. మీడియాను వరసగా పేర్చండి

నీళ్లు మొదట తగిలే చోట కోర్స్ స్పాంజ్, తర్వాత సన్న స్పాంజ్, తర్వాత పలచగా ఫ్లాస్, అన్నిటికంటే చివర సెరామిక్ రింగులు. చెత్త ముందే ఆగిపోతే రింగుల రంధ్రాలు మూసుకుపోవు. వరస తిరగేస్తే రింగుల మీద బురద పేరుకుపోతుంది, లోపలి బ్యాక్టీరియాకు ఆక్సిజన్ అందదు, ఎన్ని రింగులు వేసినా లాభం ఉండదు.

ఫ్లాస్‌ను కుక్కకండి. నీళ్లు తేటగా రావాలనే ఆశతో గట్టిగా కుక్కితే రెండు రోజులు మెరిసిపోతాయి, ఆ తర్వాత అది మూసుకుపోయి నీళ్లు పక్క సందుల్లోంచి జారిపోతాయి, లేదా టాప్ ఫిల్టర్ అయితే అంచు మీదుగా పొర్లి నేరుగా ట్యాంక్‌లో పడతాయి. అప్పుడు చెత్త ఆగదు, రింగులకూ నీళ్లు అందవు. మెకానికల్ మరీ ఎక్కువైతే బయోలాజికల్ దెబ్బతింటుందని చెప్పేది ఇందుకే. మరీ తక్కువైతే ఏమవుతుందో పైన చెప్పాను, బురద రింగుల మీదికి చేరుతుంది. స్థలం పంచుకోవడానికి కచ్చితమైన సూత్రమేమీ లేదు కానీ సుమారు సగం స్పాంజ్‌లకు, సగం రింగులకు ఇచ్చి మొదలుపెట్టండి. కోర్స్ స్పాంజ్ మీద కూడా బ్యాక్టీరియా బాగానే ఉంటుంది కాబట్టి ఆ సగం వృథా పోదు.

ఫిల్టర్ రకాన్ని బట్టి కొన్ని మార్పులు:

స్పాంజ్ ఫిల్టర్ అయితే చెత్త పట్టేదీ బ్యాక్టీరియా ఉండేదీ ఒకే స్పాంజ్. ఒకటి బదులు రెండు చిన్నవి పెట్టుకుని, ఈసారి ఒకటి, రెండు వారాలయ్యాక ఇంకోటి కడగండి.

హ్యాంగ్ ఆన్ ఫిల్టర్‌లో నెలకోసారి పారేసి కొత్తది పెట్టమని చెప్పే కార్ట్రిడ్జ్ (రెడీమేడ్ ఫిల్టర్ ముక్క) వస్తుంది. అది పారేస్తే దాంతోపాటు బ్యాక్టీరియా కూడా పోతుంది. కార్ట్రిడ్జ్ చోట కోర్స్ స్పాంజ్ కోసి పెట్టి, వెనక రింగుల సంచి పెట్టుకోండి. ఇప్పటికే కార్ట్రిడ్జ్ నడుస్తుంటే దాన్ని వెంటనే తీసేయకుండా కొత్త స్పాంజ్‌తో కలిపి ఒక నెల నడపనిచ్చి తర్వాత తీయండి.

క్యానిస్టర్ అయితే నీళ్లు పీల్చే గొట్టం మూతికి ఒక కోర్స్ స్పాంజ్ తొడగండి. ఒక్క చిన్న మార్పుతో ఇంత లాభం ఇచ్చేది ఇంకోటి నాకు తెలీదు. చెత్త చాలావరకు అక్కడే ఆగుతుంది, వారానికోసారి దాన్ని తీసి పిండేస్తే చాలు, క్యానిస్టర్ తెరవాల్సిన పనే చాలా తగ్గిపోతుంది, చిన్న చేప పిల్లలూ రొయ్యలూ లోపలికి పీల్చుకుపోవు.

యాక్టివేటెడ్ కార్బన్ (ఒక రకం బొగ్గు) ఈ రెండు పనుల్లో దేనికీ అవసరం లేదు. మందు వాడాక నీళ్లలోంచి తీసేయడానికి, పసుపు రంగో వాసనో ఉంటే పోగొట్టడానికి వాడండి. మందు వేసేటప్పుడు మాత్రం కార్బన్ తీసేయాలి, లేకపోతే మందును అదే పీల్చేస్తుంది.

4. బ్యాక్టీరియా పెరిగేదాకా ఆగండి

పెట్టిన రోజు మీ రింగులు ఉత్త రాళ్లే. వాటి మీద బ్యాక్టీరియా పట్టడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. మూడు దారులున్నాయి.

అన్నిటికంటే మంచిది, చేపలు ఆరోగ్యంగా ఉన్న పాత ట్యాంక్ నుంచి వాడుతున్న స్పాంజ్ గానీ రింగులు గానీ తెచ్చుకోవడం. తడి ఆరకుండా ఆ ట్యాంక్ నీళ్లలోనే తీసుకొచ్చి వెంటనే మీ ఫిల్టర్‌లో పెట్టండి. ఆ ట్యాంక్‌లో జబ్బు ఉంటే అది కూడా వస్తుంది కాబట్టి తెలిసినవాళ్ల దగ్గరే తీసుకోండి.

రెండోది, చేపలు లేకుండా అమోనియా వేసి పెంచడం. అమోనియం క్లోరైడ్ అయితే 50 లీటర్లకు సుమారు 0.3 గ్రాములు వేస్తే 2 పీపీఎం (అంటే లీటరుకు 2 మిల్లీగ్రాములు) దగ్గరికి వస్తుంది. రోజు విడిచి రోజు టెస్ట్ చేస్తూ, అమోనియా సున్నాకు వచ్చినప్పుడల్లా మళ్లీ అంతే వేయండి. ముందు అమోనియా, తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గుతాయి. నైట్రైట్ కిట్ రంగు దాటి పోయేంత ఎక్కువైతే సగం నీళ్లు మార్చండి. వేసిన 2 పీపీఎం 24 గంటల్లో అమోనియా సున్నా, నైట్రైట్ సున్నా అయ్యిందంటే ఫిల్టర్ సిద్ధం. అప్పుడు ఎక్కువ నీళ్లు మార్చి, పేరుకున్న నైట్రేట్ తగ్గించి, చేపలు వేయండి.

మూడోది, ఇప్పటికే చేపలు వేసేసినవాళ్లకు. మేత చాలా తక్కువ, రోజూ టెస్ట్, అమోనియా లేదా నైట్రైట్ 0.25 పీపీఎం దాటితే ఆ రోజే నీళ్లు మార్చడం. వాళ్లూ వీళ్లూ చెప్పారని ఈ దశలో ఫిల్టర్ కడగొద్దు. కొత్త ట్యాంక్‌లో మొదటి వారాల్లో నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడటం కూడా మామూలే, అది తేలే బ్యాక్టీరియా వల్ల వచ్చేది, ఫ్లాస్‌కు చిక్కదు, దానంతటదే పోతుంది. టెన్షన్ పడి నీళ్లన్నీ పారబోయకండి.

5. ఫ్లో కొలిచి రాసిపెట్టుకోండి

ఫిల్టర్ శుభ్రంగా ఉన్న రోజున, బయటికొచ్చే నీళ్లు 1 లీటరు జగ్గు నిండటానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడండి. 3600ను ఆ సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని లీటర్లో వస్తుంది. 12 సెకన్లు పడితే గంటకు 300 లీటర్లు. ఔట్‌లెట్ నీళ్లలో మునిగి ఉంటే, వీలున్నంతవరకు గొట్టం ఎత్తి జగ్గులోకి పట్టండి, లేదా నీటి మీద కదలిక ఎంత దూరం వెళ్తుందో గుర్తుపెట్టుకోండి. ఈ అంకె రాసి ట్యాంక్ పక్కన అంటించండి. ఎప్పుడు కడగాలో క్యాలెండర్ కంటే ఇదే బాగా చెబుతుంది: నాలుగో వంతు తగ్గిందంటే మెకానికల్ భాగం కడిగే టైమ్ వచ్చింది.

6. కడగడం, అసలు జాగ్రత్తంతా ఇక్కడే

ముందు ఒక మాట అర్థం చేసుకోండి. స్పాంజ్‌లో పట్టుకున్న చెత్త ట్యాంక్ నుంచి బయటికి పోలేదు. చెత్తబుట్టలో వేసిన చెత్త ఇంట్లోనే ఉన్నట్టు, అది ఆ నీళ్లలోనే ఉండి, కుళ్లి, అమోనియా వదులుతూనే ఉంటుంది. మీరు తీసి పిండి పారబోసినప్పుడే అది పోయినట్టు. నెలల తరబడి ముట్టుకోకపోవడం కూడా తప్పే, అప్పుడు బయో భాగం మీద బరువు పెరుగుతుంది, నైట్రేట్ ఎంత నీళ్లు మార్చినా దిగదు.

నీళ్లు మార్చే రోజున ట్యాంక్‌లోంచి తీసిన పాత నీళ్లను బకెట్‌లో ఉంచండి. స్పాంజ్‌ను అందులో ముంచి పిండండి, మళ్లీ ముంచి పిండండి, నీళ్లు గోధుమరంగు తగ్గేదాకా చాలు. కొత్తదానిలా తెల్లబడాలని చూడకండి. కుళాయి కింద పట్టకండి, కుళాయి నీళ్లలో క్లోరిన్ కలిపేదే బ్యాక్టీరియాను చంపడానికి. సబ్బు, బ్లీచ్, వేడి నీళ్లు అసలు వద్దు.

ఎంత తరచుగా అంటే: ఫ్లాస్ వారానికోసారి చూసి, మరీ నల్లబడితే పారేసి కొత్తది పెట్టండి, బ్యాక్టీరియా కోసం దాని మీద ఆధారపడొద్దు. కోర్స్ స్పాంజ్ రెండు వారాలకో నెలకో. సెరామిక్ రింగులు 3 నుంచి 6 నెలలకోసారి తెరిచి చూడండి, బురద లేకపోతే మూసేయండి. ఉంటే సగం మాత్రమే పాత నీళ్లలో మెల్లగా కదిపి తీయండి, మిగతా సగం ఒక నెల తర్వాత.

ఒకే రోజున ఫిల్టర్ కడగడం, అడుగు రాళ్లలోంచి చెత్త పీల్చడం, సగానికి మించి నీళ్లు మార్చడం మూడూ పెట్టుకోకండి. ఇసుక, రాళ్ల మీద కూడా బ్యాక్టీరియా ఉంటుంది, అన్ని చోట్లా ఒకేసారి కదిపితే మిగిలేది తక్కువ.

కొత్త నీళ్లకు డీక్లోరినేటర్ కలిపాకే పోయండి. రాత్రంతా బకెట్‌లో ఉంచితే క్లోరిన్ పోతుందన్నది నిజమే కానీ, కొన్నిచోట్ల కుళాయి నీళ్లలో క్లోరమైన్ (క్లోరిన్, అమోనియా కలిసినది) వాడతారు, అది అలా పోదు. కాబట్టి డీక్లోరినేటరే నమ్మకం.

7. సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం

ఫిల్టర్ కడిగిన 24 గంటలకు ఒకసారి, 3 రోజులకు ఒకసారి టెస్ట్ చేయండి. అమోనియా 0, నైట్రైట్ 0 ఉంటే మీరు కడిగిన పద్ధతి బాగున్నట్టే. ఏదైనా కనిపిస్తే ఈసారి ఎక్కువ కడిగేశారని అర్థం, వచ్చేసారి తగ్గించండి. నైట్రేట్ 40 పీపీఎం దాటకుండా, వీలైతే 20 దగ్గర ఉంచుకోండి. నైట్రేట్ టెస్ట్ సీసాను కిట్‌లో చెప్పినంతసేపు గట్టిగా ఊపకపోతే తక్కువ చూపిస్తుంది, చాలామంది అక్కడ మోసపోతారు.

అమోనియా అంకెను పీహెచ్‌తో కలిపి చదవాలి. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉన్నప్పుడు మొత్తం అమోనియాలో బాగా విషమైన రూపం 1 శాతం కూడా ఉండదు, పీహెచ్ 8 అయితే సుమారు 5 శాతం. కిట్ రెండు చోట్లా 0.5 చూపించినా రెండో ట్యాంక్‌లో చేపల పరిస్థితి చాలా ప్రమాదం.

ఇంకోటి, ఈ బ్యాక్టీరియా పనిచేస్తూ నీళ్లలోని కార్బొనేట్లను ఖర్చు చేస్తుంది. నీళ్లు మార్చకుండా నెలలు వదిలేసిన ట్యాంక్‌లో పీహెచ్ పడిపోతూ వస్తుంది, 6 కంటే కిందికి దిగితే బ్యాక్టీరియా పని బాగా మందగిస్తుంది. అలాంటి ట్యాంక్‌లో ఒక్కసారిగా సగం నీళ్లు మార్చకండి, పీహెచ్ ఎగబాకి, పేరుకున్న అమోనియా విషంగా మారుతుంది. రోజుకు 10 శాతం చొప్పున మెల్లగా మార్చుకుంటూ రండి.

ఏం కనిపిస్తే ఏం చేయాలి

నీళ్లు తేట, కానీ అమోనియా లేదా నైట్రైట్ ఉంది: బయో భాగం తక్కువైంది. 30 నుంచి 50 శాతం నీళ్లు మార్చండి (పైన చెప్పిన, పీహెచ్ పడిపోయిన ట్యాంక్ అయితే రోజుకు 10 శాతమే), ఒకటి రెండు రోజులు మేత ఆపండి, ఎయిర్ స్టోన్ (ఎయిర్ పంప్ గాలిని బుడగలుగా వదిలే రాయి) పెట్టండి, ఫిల్టర్ జోలికి పోకండి. నైట్రైట్ ఉంటే 10 లీటర్లకు 1 గ్రాము మామూలు ఉప్పు కరిగించి పోస్తే చేపల ఒంట్లోకి అది వెళ్లడం బాగా తగ్గుతుంది.

నీళ్లలో దుమ్ము రేణువులు తిరుగుతున్నాయి, టెస్ట్ అంకెలు బాగున్నాయి: మెకానికల్ తక్కువైంది, లేదా నీళ్లు స్పాంజ్ పక్క సందుల్లోంచి పోతున్నాయి. స్పాంజ్‌ను డబ్బా గోడలకు ఆనేలా కోయండి, పలచగా ఫ్లాస్ జోడించండి.

ఫ్లో వారంలోనే పడిపోతోంది: ఫ్లాస్ ఎక్కువ, లేదా మేత ఎక్కువ. మేత సంగతే ముందు చూడండి, రెండు నిమిషాల్లో తినగలిగిందే వేయండి. అయినా పడిపోతుంటే మోటార్‌లోని ఇంపెల్లర్ (నీళ్లను నెట్టే చిన్న చక్రం) తీసి, దానికి చుట్టుకున్న జిగురు తుడవండి.

చేపలన్నీ పొద్దున్నే పైకొస్తున్నాయి, అంకెలు బాగున్నాయి: ఆక్సిజన్ తక్కువ. ఔట్‌లెట్‌ను నీటి మట్టం దగ్గరికి జరిపి పైన అలలు వచ్చేలా చేయండి. చేపలే కాదు, ఫిల్టర్‌లో బ్యాక్టీరియా కూడా అదే ఆక్సిజన్ వాడుకుంటుంది.

కరెంటు పోయినప్పుడు

స్పాంజ్, హ్యాంగ్ ఆన్, టాప్ ఫిల్టర్‌లో మీడియా ఆరిపోకుండా తడిగా ఉంచితే కొన్ని గంటలు ఫర్వాలేదు. క్యానిస్టర్ సంగతి వేరు. మూసి ఉన్న డబ్బాలో బ్యాక్టీరియా ఉన్న ఆక్సిజన్ త్వరగా వాడేస్తుంది, ఆ తర్వాత చావడం మొదలవుతుంది. చాలా గంటలు ఆగిపోయిందనుకోండి, కరెంటు రాగానే ఫిల్టర్ ఆన్ చేసేయకండి, లోపల నిలిచిన కుళ్లు నీళ్లన్నీ ఒక్కసారిగా చేపల మీదికి వస్తాయి. డబ్బా తెరిచి ఆ నీళ్లు పారబోసి, మీడియాను ట్యాంక్ నీళ్లతో ఒకసారి తడిపి తీసి, తర్వాత నడపండి. ఎక్కువసేపు పోతుందని ముందే తెలిస్తే రింగుల సంచిని తీసి ట్యాంక్‌లోనే వేలాడదీసి, బ్యాటరీ ఎయిర్ పంప్ రాయిని దాని కింద పెట్టండి, చేపలకూ రింగులకూ రెండింటికీ గాలి అందుతుంది. తిరిగి నడిపాక మూడు రోజులు మేత సగానికి తగ్గించి, రోజూ అమోనియా, నైట్రైట్ చూడండి.